కార్బన్ కాగితం మీద గీత

గోల్ఫు మైదానం పక్కన ఉన్న మా దుకాణంలో వెనకగది ఆయనది, ముందు కౌంటరు నాది. పదకొండేళ్లు ఒకే కప్పు కింద పనిచేశాం. అందరూ ఆయన్ని వంపుల మాస్టారు అనేవారు గానీ ఆయన ఎవరికీ పాఠం చెప్పి ఎరగడు. పట్టర్ మెడను బిగింపులో పెట్టి, ఇనుప గొట్టం తొడిగి, ఒక్క డిగ్రీ అటో ఇటో వంచడం ఆయన విద్య. ఎక్కువ వంచితే మెడ పుటుక్కుమంటుంది. తక్కువ వంచితే తీసుకెళ్లినవాడు మర్నాడే తిరిగొస్తాడు. ముప్ఫై ఏళ్లలో తను విరిచినవి రెండేననీ, ఆ రెండూ తన పెళ్లి సంబంధాలు తప్పిపోయిన వారాల్లోనే విరిగాయనీ చెప్పి నవ్వేవాడు. మూడో సంబంధం చూడనివ్వలేదట, కర్రల మీద జాలితో.

ఆట తెలియనివారికి ఒక మాట చెప్పాలి. బంతిని ఆకాశంలోకి లేపే కర్రలు వేరు. చివర్లో, గుంత దగ్గర, గడ్డి మీద మెల్లగా దొర్లించే పొట్టి కర్ర వేరు. ఆ పొట్టి కర్రే పట్టర్. ఆటగాళ్లకు మిగతా కర్రలతో స్నేహమైతే దీనితో కాపురం. ఒకాయనకు పలచటి బ్లేడు తల తప్ప పనికిరాదు, వాళ్ల నాన్న దానితోనే ఆడేవాడు గనక. ఇంకొకావిడకు ఇస్త్రీపెట్టె అంత మాలెట్ తల ఉంటే గానీ ధైర్యం చాలదు. బంతికి తగిలితే టక్కుమనాలని ఒకరు, చప్పుడే వినపడకూడదని మరొకరు. ఆరడుగుల మనిషి పొట్టి కర్ర పట్టుకుని వంగి వంగి, నడుం పట్టేసిందని కర్రను తిట్టేవాడు.

"వాళ్ల నోరు చెప్పింది బిల్లులో రాసుకో. చేతులు చెప్పింది నేను చూసుకుంటా" అనేవాడు మాస్టారు నాతో.

చేతులు చెప్పేది వినడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. నేల మీద పలక, పలక మీద తెల్ల కాగితం, దాని మీద కార్బన్ కాగితం పరిచేవాడు. పట్టర్ అడుగు కాగితాన్ని సన్నగా రాసుకుంటూ పోయేలా పదిసార్లు ఊపమనేవాడు. కార్బన్ తీస్తే కింద గీత ఉండేది. కొందరిది విల్లులా వంగేది, కొందరిది దారం లాగినట్టు తిన్నగా ఉండేది. కర్రను వేలి మీద అడ్డంగా ఆనించి చూసి, విల్లుగీత వారికి మొన కిందికి వాలే తల, తిన్నగీత వారికి ముఖం ఆకాశం చూసే తల ఇచ్చేవాడు. కాగితం మూల తేదీ వేసి ఫైల్లో పెట్టుకునేవాడు. వెనకగదిలో గోడ పొడవునా ఆ ఫైళ్లే.

ఇంట్లో ఆయనా, ఆయన అక్కా. ఎనిమిదేళ్లు పెద్ద. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. భర్త పోయాక మళ్లీ తమ్ముడి దగ్గరికే వచ్చింది. చిన్నప్పుడు కత్తెర మొన తగిలి ఎడమకన్ను పోయింది. మిగిలిన కుడికన్నుతోనే పట్టర్ల పిడికి తోలు కుట్టేది. పాతకాలం ఆటగాళ్లు రబ్బరు పిడిని ముట్టరు, చేత్తో కుట్టిన తోలే కావాలంటారు. కిటికీ పక్కన కూర్చుని, సూదిని కంటికి దగ్గరగా పెట్టుకుని ఆవిడ వేసే కుట్టు చూస్తే చీమలు బారులు తీరినట్టుండేది. తమ్ముడు తెచ్చిన తోలు బాగాలేకపోతే, "ఒరేయ్, ఇది తోలా, అప్పడమా?" అని విసిరికొట్టేది.

ఒక ఏడాది వానల్లో, ఆవిడ కుట్టిన పిడి ఒకటి తిరిగొచ్చింది. కుట్టు మధ్యలో పక్కకు జరిగింది. తర్వాతి వారం ఇంకొకటి. కంటికి శుక్లం వచ్చిందని, పొగమంచులో ఉన్నట్టుందని అప్పుడు ఒప్పుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కంటి డాక్టరుగారు కొత్త గొడవతో వచ్చారు. ఊళ్లో పేరున్న సర్జను. పొడుగాటి మనిషి, మెత్తటి మాట. కౌంటరు మీద పట్టర్ పెట్టి, "దీనికి దయ్యం పట్టింది. రెండడుగుల దూరం నుంచి కూడా గుంత తప్పుతోంది" అన్నారు.

మాస్టారు కాగితం పరిచాడు. డాక్టరుగారు పదిసార్లు ఊపి, చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. కార్బన్ ఎత్తి చూసిన మాస్టారు నన్ను లోపలికి పిలిచాడు.

"ఇది చూడు. ఏమనిపిస్తోంది?"

గీత తిన్నగానే ఉంది. కాని అంచు పొడవునా సన్నటి పళ్లు, రంపానికి ఉన్నట్టు.

"చెయ్యి వణుకుతోందా?" అన్నాను.

"కర్ర బాగానే ఉంది మరి."

"మనకెందుకు మాస్టారూ. కర్ర సరిచేసి పంపించండి."

ఆ మాట అన్నది నేనే. ఎవరూ అడక్కపోయినా ఇక్కడ చెప్పుకోవాలి.

ఆయన రెండింతల లావు పిడి తొడిగాడు, తలలో సీసం బిళ్లలు బిగించాడు. బరువుకీ లావుకీ వణుకు అణిగింది. రెండో కాగితం మీద గీత సాఫీగా వచ్చింది. డాక్టరుగారు నెలన్నరగా గెలవని పందెం ఆ ఆదివారం గెలిచారట. మర్నాడే వచ్చి మాస్టారి భుజం తట్టారు.

"మాస్టారూ, మీ అక్కగారికి కంట్లో శుక్లం అని విన్నాను. తీసుకురండి, నేనే చేస్తాను. డబ్బు మాట ఎత్తకండి."

మాస్టారు గొట్టం కింద పెట్టి, చాలాసేపు చేతులు తుడుచుకున్నాడట. "సార్, ఆవిడకి ఉన్నది ఒక్క కన్నే" అన్నాడు.

"అందుకే నేను చేస్తానంటున్నా."

"అదికాదు సార్. ఆ రోజు... కర్ర పట్టుకున్నప్పుడు చెయ్యి కాస్త..."

డాక్టరుగారు నవ్వారు. "ఆటలో టెన్షన్ మాస్టారూ. పది రూపాయల పందెమైనా వణుకు వస్తుంది. ఆపరేషన్ బల్ల దగ్గర నా చెయ్యి రాయి."

మాస్టారు నమ్మాడు. నమ్మాలనుకున్నాడు గనక నమ్మాడని తర్వాత నాతో అన్నాడు. అంత పెద్దాయన తనంతట తాను పిలిచి చేస్తానంటే, కర్రలు వంచుకునేవాడు వద్దనడానికి నోరు రావద్దూ? అక్కకు మాత్రం ఆ కాగితం సంగతి చెప్పలేదు. "అదృష్టం అక్కా, ఆయన చేతిలో పడటం" అన్నాడు. ఆవిడ ఆ వారమంతా, కట్టు విప్పగానే ముందు ఏ రంగు దారం కొనాలో లెక్కవేసుకుంది.

కట్టు విప్పితే ఏమీ కనపడలేదు. లోపలి పొర చిరిగిందన్నారు, కటకం వెనక్కి జారిందన్నారు. వేరే ఊరు తీసుకెళ్లి మరో ఆసుపత్రిలో రెండో ఆపరేషన్ చేయించాడు. అక్కడి డాక్టరు అంతా చూసి, "ఇలాంటిది ఎవరి చేతిలోనైనా జరగొచ్చు. వందలో ఒకరికి జరుగుతుంది" అన్నాడు. చివరికి ఆవిడకు మిగిలింది పగలూ రాత్రీ తేడా తెలిసేంత వెలుతురు. మూడునెలల పాటు గోడ పట్టుకుని వంటింటికీ, గోడ పట్టుకుని మంచానికీ తిరిగింది. తోలు ముక్కలన్నీ మూట కట్టి అటక మీద పెట్టించింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఆ మూడునెలల తర్వాత డాక్టరుగారు మళ్లీ దుకాణానికి వచ్చారు. మాస్టారి ముఖం చూడకుండా, "పిడి ఇంకొంచెం లావుది ఉందా?" అన్నారు.

మాస్టారు కాగితం పరిచాడు. డాక్టరుగారు ఊపారు. ఈసారి ఆయన్ని చేతులు కడుక్కోవడానికి వెళ్లనివ్వలేదు. కార్బన్ ఎత్తి, అక్కడే చూపించాడు. అంత లావు పిడి, అంత సీసం ఉన్నా పళ్లు స్పష్టంగా కనపడుతున్నాయి. ఫైల్లోంచి పాత కాగితం తీసి పక్కన పెట్టాడు.

డాక్టరుగారు కూర్చున్నారు. "ఇది ఎప్పటిది?"

"మీరు మొదట వచ్చిన రోజుది."

"అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు సార్."

"మరి మీ అక్కని ఎందుకు తీసుకొచ్చారు?"

ఆ ప్రశ్న కౌంటరు దగ్గరున్న నాకూ వినపడింది. మాస్టారు రెండు కాగితాలూ ఒకచోట సర్ది, "మీరు ఇంకా ఆపరేషన్లు చేస్తున్నారా?" అన్నాడు.

"సోమవారం నలుగురున్నారు."

"చెయ్యకండి సార్."

"మందు వాడుతున్నాను. తగ్గుతుంది."

"మీరు మానకపోతే, ఈ రెండు కాగితాలూ మీ ఆసుపత్రిలో ఇస్తాను."

డాక్టరుగారు లేచి నిలబడ్డారు. అంతవరకూ 'మీరు' అన్న మనిషి, "నువ్వా? కర్రలు వంచేవాడి మాట ఎవడు వింటాడు?" అన్నారు. పట్టర్ అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

ఆదివారం మాస్టారు అక్క ముందు కూర్చుని మొత్తం చెప్పాడు. ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక చెయ్యి చాపి, "ఆ కాగితం ఇటియ్యి" అంది. బల్ల మీద పరుచుకుని, చూపుడువేలి కొసతో గీత మీద మెల్లగా పోయింది. కర్ర బరువుకి కాగితం కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. కుట్లు తడిమి తడిమి అలవాటైన వేలు. ఆ పళ్లు దానికి తెలిశాయి.

"కుట్టు ఇలా వచ్చుంటే విప్పించి మళ్లీ కుట్టించేవాడివి" అంది.

"అక్కా..."

"తోలు పాడైతే ఇంకో తోలు తెస్తావు. నాకేం తెస్తావురా?"

ఆయన ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కోలేదు, తల మీద చెయ్యీ వెయ్యలేదు. చివరికి, "రేపు పొద్దున్నే వెళ్లు. ఆ నలుగురు బల్ల ఎక్కకముందే" అంది.

సోమవారం ఏడింటికే ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాడు. కర్రలు వంచేవాడి మాట ఆవిడ విన్నది. రెండు కాగితాలూ కిటికీ వెలుతుర్లో పెట్టి చూసి, తేదీలు చదివి, అడిగింది.

"మొదటి కాగితం మీ అక్కగారి ఆపరేషన్‌కి పంతొమ్మిది రోజుల ముందుది. తెలిసే పంపారా?"

"తెలిసే పంపానమ్మా."

"అది కూడా రాసివ్వాలి మీరు."

రాసిచ్చాడు. ఆ రోజు ఆపరేషన్లు ఆపేశారు. డాక్టరుగారికి పరీక్షలు చేశారు, చేతులకు నరాల జబ్బు ఉందని తేలింది. ఆయన మళ్లీ కత్తి పట్టలేదు. అయితే అక్క కన్ను ఆ వణుకు వల్లే పోయిందని ఏ కాగితంలోనూ రాయలేదు. కాదనీ రాయలేదు.

మా దుకాణానికి మాత్రం చిక్కొచ్చింది. క్లబ్బు సభ్యులు పదిమంది యజమాని మీదికి వచ్చారు. "ఇవాళ డాక్టరుగారి చెయ్యి సంగతి బయటపెట్టాడు. రేపు మా సంగతులు ఊళ్లో చెప్పడని నమ్మకమేంటి?" అన్నారు. యజమాని మాస్టార్ని పిలిచి, ఫైళ్లన్నీ కాల్చేసి వెళ్లమన్నాడు. పెరట్లో నూనె డబ్బాలో ఒక్కొక్కటే వేసి కాల్చాడాయన. నేను కౌంటరు దగ్గర నిలబడి చూశాను. ఆ రోజు వెనకగదిలో 'మనకెందుకు' అన్నది నేనేనని యజమానితో చెప్పొచ్చు. చెప్పలేదు. మాస్టారు వెళ్తూ నా వైపు చూసి, "మాలెట్ తలలకి సీసం అయిపోయింది, తెప్పించు" అన్నాడు.

ఇప్పుడాయన ఒక ఇనుప గేట్ల షెడ్డులో పనిచేస్తున్నాడు. అక్క ఆయనతో ఉండటం లేదు. చూపులేనివారికి పని నేర్పే బడి ఒకటుంటే, తనే అడిగి అక్కడ చేరింది. చేర్చడానికి తీసుకెళ్లింది ఆయనే. "కోపంతో వెళ్తున్నావా అక్కా?" అని దారిలో అడిగాడట. "కోపంతోనే. అబద్ధం ఎందుకు?" అందట.

ప్రతి ఆదివారం వెళ్తాడు. మొదటి అయిదు నెలలు ఆవిడ గదిలోంచి బయటికి రాలేదు. తెచ్చిన పళ్లు గుమ్మం దగ్గర ఇచ్చేసి వచ్చేవాడు. ఆరోనెల ఒక ఆదివారం ఆవిడే బయటికి వచ్చి, బల్ల మీద ఆయనకు కాస్త దూరంగా కూర్చుంది.

"నాకు చేసిన రోజు నుంచి నువ్వు వెళ్లి చెప్పిన రోజు దాకా, ఆయన ఇంకా ఎంతమందికి చేశాడు?"

ఆయనకు ఆ లెక్క తెలుసు. ఆసుపత్రిలో అప్పుడే అడిగాడు.

"నలభై ఒక్క మందికి."

"వాళ్లలో ఎవరికైనా కళ్లు పోయాయా?"

"చెప్పలేదక్కా. రెండుసార్లు అడిగాను."

"మూడోసారి అడుగు" అంది ఆవిడ. కలిసే వేళ అయిపోయిందని బడి గంట మోగింది. లేచి, ఆయన చాపిన చేతిని తప్పించుకుని, గోడ వెంట నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు షెడ్డుకు సెలవు పెట్టి ఆయన మళ్లీ ఆసుపత్రికి వెళ్లాడు.