భద్రమ్మ కడిగిన గడ్డలు

ఇరవై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు, పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలిపడకండి. దానికి నేను తగను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మేము కోస్తా నుంచి వచ్చి పర్ణశాల దగ్గర మిరప వేశాం. కోతలకు పక్కనున్న కోయగూడెం ఆడవాళ్ళే దిక్కు. భద్రమ్మ అనే పెద్దావిడ ఏ చేనుకు నడిస్తే మిగతావాళ్ళూ అటే నడిచేవారు. ఆ ఏడు పక్క రైతు ఆమెను పిలుస్తున్నాడని తెలిసింది. ఆమెను మంచి చేసుకుందామని, అడక్కుండానే ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాను, చేలోకి జావ తెచ్చుకోమని. అది పురుగుమందు డబ్బా. పుర్రె బొమ్మ ఉన్న కాగితాన్ని నేనే గోటితో గీకేశాను. రెండుసార్లు కడిగాను. మూత తీస్తే ఘాటు ఇంకా ఉంది. ఆమె ముక్కు చిట్లిస్తే, కొత్త డబ్బా వాసనలే అన్నాను.

మర్నాడే ఆమె మనవరాలు ఆ డబ్బాలోని జావ తాగి నురగలు కక్కింది. నాలుగేళ్ళ పిల్ల. భద్రాచలం దవాఖానాకు చేరకముందే పోయింది. భద్రమ్మా, కోడలూ వాంతులతో పడి బతికారు.

పరామర్శకు గూడేనికి వెళ్ళాను. ఏడ్చాను, అది దొంగ ఏడుపు కాదు. కానీ ఏడుస్తూనే నా కళ్ళు డబ్బాను వెతికాయి. వస్తూ వస్తూ దాన్ని అడిగాను. భద్రమ్మ బూడిదతో తోమి మరీ ఇచ్చింది. ఇంటికి తెచ్చి మిరపకట్టెలో వేసి కాల్చేశాను.

కొన్నాళ్ళకు పరిశోధన వాళ్ళు వచ్చారు. తిండిలో, నీళ్ళలో, మట్టిలో చేరిన విషాలు మనుషుల్ని ఏం చేస్తున్నాయో చూస్తారట. సీసాల్లో వాగునీళ్ళు పట్టారు, రక్తం తీశారు. ఒక మేడమ్ మా వసారాలో కూర్చుని, మందు డబ్బాలు కూలీలు ఇళ్ళలో వాడతారా అని అడిగింది. కాఫీ అందిస్తూ లేదన్నాను. అంతటితో ఆగితే ఎంత బాగుండేది! "అడవిలో చేదుగడ్డలు తవ్వుకు తింటారండీ, సరిగ్గా కడగరు," అన్నాను. పిల్ల పోయిన రోజు పొద్దున వాళ్ళింట్లో అవే వండారని నాకు తెలుసు. వాటిలో విషం ఉండే మాటా నిజమే. ముక్కలు కోసి, గంపలో పోసి, పారే వాగులో రోజుల తరబడి ఉంచితే గానీ పోదు. ఆ పని గూడెంలో భద్రమ్మంత బాగా ఎవరికీ రాదు. మేడమ్ రాసుకుంది. గూడెంలో మీటింగ్ పెట్టి, గడ్డలు ఇంకా బాగా కడగాలని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం భద్రమ్మ మా గడప ముందు కూర్చుంది.

"అమ్మా, మూడు దినాలు పారే నీళ్ళల్లనే ఉంచిన. ముందుగాల నేనే నోట్లేసుకొని చూసిన, నాలుక మండలే. నా చెయ్యే తప్పిందంటవా?"

"తప్పే ఉంటుంది భద్రమ్మా. వయసు మీద పడింది, నీ నాలుకకు మాత్రం ఏం తెలుస్తుంది?"

"అవ్, ముసల్దాన్నైన," అంది. "నా బంగారాన్ని నేనే తినబెట్టి సంపుకున్న." నాకే దండం పెట్టి లేచింది.

కోడలు మళ్ళీ ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆమె చేతి ముద్ద గూడెంలో ఎవరూ తినలేదు. మరుసటేడు కూడా మా చేలోకే వచ్చింది. అందరికీ దూరంగా కూర్చుని తినేది. నేను చూసేదాన్ని. కూలీలు చేయిదాటిపోలేదని సంతోషించేదాన్ని కూడా.

ఏమో, గడ్డల వల్లే అయ్యుండొచ్చు, నేనేమైనా డాక్టర్నా అని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరి డబ్బా ఎందుకు కాల్చాను? అవే గడ్డలు తిని, జావ తాగకుండా పనికిపోయిన భద్రమ్మ కొడుకు ఎందుకు బాగున్నాడు?

భద్రమ్మ పోయి పదేళ్ళు దాటింది. కోడలు సంతలో కనిపిస్తే ఇప్పటికీ, "మా అత్త చేతుల పోయింది బిడ్డ," అంటుంది. నేను తల ఊపుతాను. ఈ కాగితం ఆమెకు ఇచ్చే ధైర్యం ఇవాళ్టికీ లేదు. రాస్తుంటే గుండె కాస్త తేలికపడింది, ఆ తేలికకు కూడా సిగ్గుగానే ఉంది.

భద్రమ్మ గడ్డలు బాగానే కడిగింది. పిల్లను చంపింది నా డబ్బా.