రెండో చెంచా

తూర్పు బెర్లిన్‌లోని ఆ నాటకశాలలో ఇర్మ్‌గార్డ్ ఇరవై ఏళ్లుగా ప్రాంప్టరు. రంగస్థలం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, ఒళ్లోని నాటక ప్రతిలో వాక్యం కింద వేలు జరుపుకుంటూ, నటులు మరిచిన మాట అందించేది. ప్రతిలో లేని మాట ఎన్నడూ అందించలేదు. ఆ నాటకశాలను స్థాపించి కన్నుమూసిన నాటకకర్త పెట్టిన పద్ధతే అక్కడ ఇంకా నడుస్తోంది: ప్రేక్షకుడు ఏడవకూడదు, ఆలోచించాలి. అందుకే రిహార్సల్లో నటులు తమ పాత్ర సంగతిని ఎవరో పరాయివాళ్ల సంగతిలా చెప్పాలి. భర్త ఆర్నోను మట్టిచేసిన నాలుగో రోజే ఆమె పనిలోకి వచ్చింది.

ఆ ఉదయం, భర్త పోయిన ఇల్లాలి వేషం వేస్తున్న కార్లా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుపు ఇంట్లో పెట్టుకో అమ్మాయ్! ఆవిడేం చేసిందో చెప్పు చాలు," అని దర్శకుడు లోథర్ కసిరాడు. కార్లా ఏడుస్తూనే ఉండటంతో అతను ముక్కాలి పీట వైపు తిరిగాడు. "మీరు అందించండమ్మా, ఇర్మ్‌గార్డ్."

"ఆవిడ సూప్ కాచింది," అంది ఇర్మ్‌గార్డ్ నెమ్మదిగా. "బల్ల మీద రెండు చెంచాలు పెట్టింది. కాసేపు చూసి, ఒకటి తీసి సొరుగులో పెట్టేసింది."

లోథర్ పేజీలు తిరగేశాడు. "ఇది ఇందులో లేదే?"

"లేదండీ. నిన్న మా ఇంట్లోది."

ఎవరూ ఏడవలేదు. ఇర్మ్‌గార్డ్ వేలు మాత్రం పేజీ మీద పైకీ కిందికీ తిరుగుతోంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆమెకు తర్వాతి వాక్యం దొరకలేదు.