మొక్కుకున్న పెట్ట

కొత్తగా కోళ్లు పెంచుదామనుకునే వాళ్లకు నేను ముందు ఒక మాట చెబుతాను. చౌరస్తాలో గంపలో పెట్టి అమ్మే రంగురంగుల పిల్లలను కొనకండి. గులాబీ, పచ్చ రంగులు పూసిన ఆ పిల్లలు మిషన్‌లో పుట్టినవి. రెక్కల కింద పొదువుకునే తల్లి వాటికి లేదు. తార్నాకలో కొని మా ఇంటికి తెచ్చినవి వారం తిరగకుండానే తలలు వాల్చాయి. ఒక్క నాటు పెట్టను తెచ్చుకోండి, అంతకుముందు గుడ్లు పొదిగి పిల్లలను లేపినదాన్ని. మిగతాది అదే నేర్పుతుంది.

నాకు అలాంటి పెట్ట ఒకటి ఉండేది. నల్లది, మెడ దగ్గర మాత్రం బంగారు రంగు ఈకలు. తొంభైల్లో మేము యూనివర్సిటీ క్యాంపస్‌లో, చిన్న ఉద్యోగుల క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా ఆయన హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. మిగిలిన అన్నం, నూకలు కోళ్లకు తెచ్చేవాడు. ఇంటి వెనక రేకు కింద గంప, పక్కన పొయ్యిబూడిద కుప్ప. బూడిదలో పొర్లితే కోడికి పేలు పట్టవు. పొదగేసేటప్పుడు గుడ్ల మధ్య బొగ్గుముక్క, ఇనుపమేకు పెట్టాలి, ఉరుములకు గుడ్లు మురగకుండా. ఇవన్నీ మా అమ్మ చెప్పినవి. నన్ను బడికి పంపలేదు గానీ, ఇవి మాత్రం శ్రద్ధగా నేర్పింది.

సాకడం నా వంతు, కోయించడం మా అత్త వంతు. పుంజుకు తోక నిండుగా వచ్చిందంటే చాలు, దాని కాళ్లకు పసుపు రాసేది.

"పెద్దోనికి జరమొచ్చినప్పుడు ఎల్లమ్మకు మొక్కిన" అనేది.

మొక్కుకున్న కోడిని అమ్మకూడదు, వద్దనకూడదు. బోనాల నాడు అది మౌలాలిలో ఆ పెద్ద కొడుకు, మా బావగారింట్లో కూరయ్యేది. నా పళ్లెంలోకి మెడముక్క వచ్చేది.

ఒక ఏడు ఆమె కన్ను నల్లపెట్ట మీద పడింది. గుడ్లు తగ్గాయని, కొవ్వు పట్టిందని రోజూ అనడం మొదలుపెట్టింది. ఆ మాటల తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు. ఒక పొద్దున పసుపు గిన్నె నేనే ముందు అందుకున్నాను. ఇంట్లో అందరూ చూస్తుండగా పెట్ట కాళ్లకు పసుపు రాసి, "నాకు చదువొచ్చిన నాడు దీన్ని నీకిస్త తల్లీ" అన్నాను.

అత్త పడి పడి నవ్వింది. "గట్లయితే ఇది ముసల్దయి సస్తది గని, ఎల్లమ్మ దాకా పోదు."

నాకు కావలసిందీ అదే.

ఆ చలికాలంలోనే యూనివర్సిటీ విద్యార్థులు కొందరు క్వార్టర్స్‌కు వచ్చి పెద్దవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. మా వరసకు వచ్చిన అమ్మాయిది సీమ వైపు. "రాక్కా, రాయకుంటే మాన్లే, ఊరికే కూచుందువు" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఊరికే కూర్చున్నాను. కూర్చుంటే అక్షరాలు వచ్చేశాయి. ఎవరికీ చెప్పవద్దని ఆ అమ్మాయిని బతిమాలుకున్నాను. పప్పు పొట్లం కట్టిన కాగితాన్ని చూపు ఆపకుండా పొయ్యిలో వేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"ఏమన్న వచ్చిందా?" అని అత్త అడిగేది.

"ఏడొస్తదత్తా నా తలకాయకు."

ఆషాఢం మొదట్లో అత్త, నేను, నా చిన్నబిడ్డ మౌలాలి పోవడానికి తార్నాకలో నిలబడ్డాం. వాన పడుతోంది. ఒక బస్సు వచ్చింది. బిడ్డ చెయ్యి పట్టుకుని అత్త ఎవరినీ అడగకుండా ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది. నేను ఆమె రెక్క పట్టి వెనక్కి గుంజాను.

"అత్తా, ఇది నల్లకుంటకు పోయేది."

"నీకెట్ల ఎరుక?"

కండక్టర్ అరిచాడని చెబితే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంత పెద్ద చౌరస్తాలో, ఎవరినీ అడగకుండా నేను చదివిన మొదటి బోర్డు అది. దాన్ని కండక్టర్‌కు ఇచ్చేయబుద్ధి కాలేదు.

"బోర్డు మీద రాసున్నది" అన్నాను.

అత్త బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది. మౌలాలిలో బస్సు దిగాక అడిగింది, "ఎల్లమ్మ మొక్కు యాదికున్నదా?"

అప్పటికి పెట్ట కింద పిల్లలు ఉన్నాయి, ఇంకా రెక్కల కిందే పడుకునేవి. దాని బదులు పుంజును ఇస్తానన్నాను.

"మాటిచ్చింది పెట్టను. సదువుకున్నదానివి, నీకు లెక్కొస్తది గని అమ్మోరికి రాదా?"

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తల వంచుకునే అన్నాడు, "అమ్మోరితోని పరాష్కాలొద్దు. పిల్లలున్న ఇల్లు."

బోనాల నాడు ఆయనే కోశాడు. అత్త తన చేత్తో నా పళ్లెంలో లెగ్గుముక్క వేసింది, పెళ్లయ్యాక మొదటిసారి. "తిను. సదువుకున్నదానివి."

తిన్నాను. మిగిల్చితే మొక్కు తప్పినట్టట.

ఇంటికి వచ్చాక గంపలో బల్బు వేలాడదీశాను, పాత చీర కప్పాను. పిల్లలు చీర మడతల్లోకి దూరి తల్లి కోసం వెతికేవి. చౌరస్తా పిల్లల్లాగే ఒక్కొక్కటిగా తలలు వాల్చాయి.

ఆ తర్వాత తార్నాకలో బస్సు వచ్చినప్పుడల్లా అత్త నా వైపు తిరిగేది. "ఏం రాసున్నది?" చదివి చెప్పేదాన్ని. ఆమెను తప్పు బస్సు ఎక్కించాలనిపించిన రోజులూ ఉన్నాయి.