అర్థమైందా సారు

దేవరాజులు సారు ఇరవయ్యారేళ్ళుగా తిరుపతిలో ఒక మెడికల్ కాలేజీలో అనాటమీ చెబుతున్నాడు. పిల్లకాయలు ఆయనకు పెట్టుకున్న పేరు 'అర్థమైందా సారు'. ఆ సంగతి ఆయనకు తప్ప అలిపిరి దాకా అందరికీ తెలుసు. రెండు చేతులతో ఒకేసారి బోర్డు మీద గుండె బొమ్మ గీసి, వెనక్కి తిరక్కుండానే "అర్థమైందా?" అంటాడు. నూటయాభై గొంతులు "అయింది సార్" అంటాయి. చివరి బెంచీలో కునికేవాడు కూడా ఆ ఒక్క మాటకు మాత్రం లేస్తాడు. తాను మంచి మేష్టరునన్న సారు నమ్మకమంతా ఆ జవాబు మీదే నిలబడి ఉంది. అది పోతే ఆయన దగ్గర చెప్పుకోవడానికి ఇంకేం మిగలదు.

అలాంటి మనిషిని, పాఠం చెప్పడం నేర్చుకోమని మూడు రోజుల శిక్షణకు పంపారు. కాలేజీలో మేష్టర్లందరూ వెళ్ళాల్సిందేనట. పుండు మీద కారం చల్లినట్టు, నేర్పేది డాక్టర్ లోహిత. పద్నాలుగేళ్ళ కింద ఆయన క్లాసులోనే కూర్చున్న పిల్ల. "తాతకు దగ్గులు నేర్పినట్టుండాది" అని గొణుక్కుంటూనే పోయి ముందు వరసలో కూర్చున్నాడు.

రెండో రోజు ఒక్కొక్కరూ ఐదు నిమిషాలు పాఠం చెప్పాలి. తోటి మేష్టర్లే విద్యార్థులు. సారు చెప్పాడు, చప్పట్లు కూడా పడ్డాయి. లోహిత తను రాసుకున్న కాగితం చూసి, "బొమ్మ శానా బాగుండాది సార్. అర్థమైందా అని పదకొండుసార్లు అడిగినారు. ఒక్కసారి కూడా ఆగలేదు" అంది.

"అందరూ అయిందంటా ఉంటే ఆగేదెందుకమ్మా?"

"సోమవారం క్లాసులో ఆ మాట అడగొద్దు సార్. ఏది అర్థం కాలేదో చీటీ మీద రాయమనండి. పేర్లు వద్దు."

తోటివాళ్ళు నవ్వు దాచుకోవడానికి టీ కప్పుల్లో మూతులు పెట్టారు. సారుకు రోషం వచ్చింది. నూటయాభై తెల్లకాగితాలు తెచ్చి ఈ పిల్ల బల్ల మీద పెడతాననుకున్నాడు.

సోమవారం చీటీలు రాయించి, తన గదికి తెచ్చుకుని ఒక్కొక్కటే విప్పాడు. మొదటి పదీ ఖాళీ. సారు మీసం దువ్వుకున్నాడు. పదకొండోదానిలో ఇలా ఉంది: 'సార్, గుండెలో కుడి గది అంటే, బొమ్మ చూస్తున్న మాకు కుడి పక్కా, పేషెంటుకు కుడి పక్కా?'

ఇదీ ఒక ప్రశ్నేనా అని నవ్వాడు. తర్వాతి చీటీలోనూ అదే. ఇంకోదానిలోనూ అదే. చేతిరాతలు వేరు, ప్రశ్న మాత్రం ఒకటే. మొత్తం అరవై మూడు తేలాయి. గుండె పాఠం మొదలై అప్పటికి మూడు వారాలు. ఎదుటి మనిషి కుడి మనకు ఎడమ పక్కన ఉంటుందని మొదటిరోజే ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. సారుకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఎంతమంది ఇట్లాగే తలూపి వెళ్ళిపోయారో తలచుకుంటే భయం కూడా వేసింది.

లోహితకు ఫోన్ చేశాడు. "అమ్మా, కుడి గది యా పక్కో నా క్లాసులో నీకు తెలిసిందా, లేదా? నిజం చెప్పు."

ఈసారి సారు జవాబు కోసం ఓపిగ్గా ఆగాడు.

"లేదు సార్. హాస్టల్లో నా గదిలో ఉండే రూతు చెప్పింది. మా బ్యాచిలో శానామందికి ఆ యమ్మే చెప్పింది."

"ఆ యమ్మ ఇప్పుడు యాడుండాది?"

"సూళ్లూరుపేటలో డాక్టరు సార్. ఏం సార్?"

"నంబరియ్యి. మీ బ్యాచికి అనాటమీ చెప్పింది ఆ యమ్మంట గదా, ఒకసారి మాట్లాడాల."