నేత మిల్లులో మా ఇల్లు

జర్మనీలో బ్యోబ్లింగెన్ దగ్గరి ఈ చిన్న ఊరికి వచ్చిన కొత్తలో మూడేళ్లపాటు నేను, మా ఆయన, పాప ముగ్గురం గదిన్నర ఇంట్లో సర్దుకున్నాం. ఆఫీసులు పెరుగుతున్నాయి, మనుషులు వస్తూనే ఉన్నారు, ఇళ్లే లేవు. అద్దెకు ఇల్లు చూడ్డానికి వెళ్తే మెట్ల మీద ముప్పై మంది నిలబడి ఉండేవారు. మా వీధి వెనక వాలులోని పాత ఆపిల్ తోటల్లో ఇళ్లు కడతారని నోటీసు రాగానే మా ఆయన సంబరపడ్డాడు.

"ఈసారన్నా మనకు దొరుకుతదేమో. మీటింగ్ ఉందట, పోదాం పా," అన్నాడు.

నేను కిటికీలోంచి ఆ వాలు వైపు చూశాను. ఆ తోటల్లో ఒకటి మా కింది ఇంటి పెద్దావిడది. ఆమె మామగారు నాటిన చెట్లు. మా పాపను వెంటబెట్టుకెళ్లి ఏ కాయ కోయాలో, ఏది పిట్టలకు వదలాలో చూపించేది. నోటీసు వచ్చాక ఆమె మాతో ముభావంగా ఉంది. ఆ ఇళ్లు కావాల్సింది మాలాంటివాళ్లకేగా!

మీటింగ్‌లో హాలు రెండుగా చీలింది. వెనక నుంచి ఎవరో, "కొత్తగా వచ్చినవాళ్ల కోసం మా తోటలెందుకు పోగొట్టుకోవాలి?" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. జర్మన్ తడబడింది.

"ఆ కొత్తవాళ్లలో నేనూ ఒకదాన్ని. నాకు ఇల్లు కావాలి. కానీ మా పాప కాయలు కోయడం నేర్చుకున్నది ఆ తోటలోనే. స్టేషన్ పక్కన నేత మిల్లు మూతపడి ఉంది. ముందు అక్కడ కట్టొచ్చు కదా?"

ముందు వరసలోంచి పెద్దావిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. మెల్లగా లేచి, "పెళ్లికి ముందు నేను ఆ మిల్లులోనే పనిచేశాను. కూల్చకుండా ఇళ్లు చేస్తే నాకు సమ్మతమే," అంది.

నా మాటతోనే అంతా మారిందని చెప్పను. మిల్లు సంగతి అంతకుముందే కొందరు ఎత్తారట. ఎన్నో మీటింగుల తర్వాత చాలా ఇళ్లు మిల్లులోనే, కొన్ని మాత్రం తోటల్లో రోడ్డు పక్కన అని తేలింది; ఆ రోడ్డు పక్క చెట్లు పోయి, మిగతా వాలు నిలిచింది. పోయినవాటిలో మూడు పెద్దావిడవి. కొట్టేసిన రోజు ఆమె బయటికి రాలేదు. నేను పప్పుచారు, అన్నం పట్టుకెళ్లాను. ఇద్దరం కలిసి తిన్నాం.

మిల్లు ఇటుక గోడలు అలాగే ఉంచి లోపల ఇళ్లు చేశారు. అప్లికేషన్ పెట్టాం, ఒకటి మాకు వచ్చింది. పెద్దావిడ మొదటిసారి వచ్చినప్పుడు మా వంటగది కిటికీ దగ్గర ఆగిపోయింది.

"నా మగ్గం సరిగ్గా ఇక్కడే ఉండేది."

"ఎఖ్ట్, ఓమా?" నిజంగానా బామ్మా అని జర్మన్‌లో అడుగుతూ మా పాప కళ్లు పెద్దవి చేసింది. ఆమె కూర్చుని, మగ్గం మోత ఎలా ఉండేదో బల్ల మీద దరువేసి వినిపించింది.

ఇల్లు మరీ పెద్దదేమీ కాదు. గోడలు మందం కాబట్టి ఎండాకాలం చల్లగా ఉంటుంది. శనివారాలు మా ఆయన ఆమె తోటలో గడ్డి కోస్తాడు. నడుం నొప్పని గొణుగుతాడు గానీ ఒక్క వారమూ మానడు.