మంచు పార ముట్టకూడని తాహిర్

బిట్లిస్ అనే కొండ ఊళ్లో మంచు పట్టిందంటే కిటికీలదాకా పేరుకునేవరకూ వదలదు. మట్టి మిద్దెల మీద దాన్ని అలాగే ఉంచితే దూలాలు కిర్రుమంటాయి, కరిగిందంటే నీళ్లు పడకల మీదికే దిగుతాయి. ఆ వీధిలో నలభై ఏళ్లపాటు అందరికంటే ముందు మిద్దె ఎక్కినవాడు తాహిర్. తన ఇంటిది అయ్యాక ముసలివాళ్ల మిద్దెల మీది మంచు కూడా ఎత్తిపోసేవాడు. చెక్క పార భుజాన వేసుకుని అతను వస్తుంటే ఇళ్లలో టీ నీళ్లు పొయ్యెక్కేవి.

యాభై ఎనిమిదో ఏట గుండె మొరాయించింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని, ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే చెప్పాడు. "మంచు పార ముట్టుకోకు. చలిలో ఆ బరువులెత్తితే ఈసారి ఇక్కడిదాకా కూడా రాలేవు."

ఆ ఏడు తొలిమంచుకి అతని భార్య గుల్నాజ్ తలగుడ్డ బిగించి నిచ్చెనెక్కింది. తాహిర్ పొయ్యి పక్కన కూర్చుని నెత్తిమీద పార చప్పుడు విన్నాడు. ఎంతసేపని వింటాడు? గడపలోకి వచ్చి అరిచాడు.

"ఏమే, పార నిండా ఎత్తకు! సగం చాలు!"

"నువ్వు లోపలికి పో!"

"నడుం కాదు, మోకాళ్లు వంచు! ఒళ్లు మెలితిప్పి విసరకు, కాళ్లతో సహా తిరుగు!"

పక్క మిద్దె మీంచి రెమ్జీ నవ్వాడు. "తాహిరన్నా, నీ పనే హాయి! వదిన్ని మిద్దెక్కించి నువ్వు పొయ్యి దగ్గర పిల్లిలా ముడుచుకున్నావు!"

తాహిర్ కూడా నవ్వాడు. లోపలికి వచ్చాక మాత్రం టీ ముట్టకుండా పక్కన పెట్టేశాడు.

అతనికి మనసంతా మిద్దె మీదే. ఎవరూ తొక్కని తెలుపులోకి మొదటి పార దించినప్పుడు అయ్యే మెత్తటి చప్పుడు, ఉన్ని చొక్కా కింద పట్టే చెమట, గడ్డ మంచు సందులో పడి ధబ్బుమనడం, ఆగి చూస్తే ఊరంతా పొగగొట్టాలు. అరచేతుల్లో కాయలు ఊడి చర్మం చంటిపిల్లల చేతుల్లా మెత్తబడింది. వాటిని చూసుకోవడమే మానేశాడు.

జనవరిలో ఒక పొద్దున గుల్నాజ్ రొట్టెలకు వెళ్లింది. వాకిలి ఒక్కటేగా అనుకున్నాడు తాహిర్. పార తీశాడు. మొదట ఎత్తకుండా పక్కకు నెట్టాడు, బుద్ధిగానే. కాసేపటికి చేతులకు పాత అలవాటు గుర్తొచ్చింది. నిండు పార ఎత్తాడు, మరొకటి ఎత్తాడు. ఛాతీ మీద ఎవరో రాయి పెట్టినట్టయింది. అక్కడే మంచులో కూలబడ్డాడు.

రెమ్జీ చూసి పరుగెత్తుకొచ్చాడు. లోపలికి చేర్చి డాక్టరిచ్చిన మాత్ర నాలుక కింద పెట్టాడు. గుల్నాజ్ వచ్చేసరికి తాహిర్‌కి ఊపిరి కుదుటపడింది. ఆమె రొట్టెలు కింద పెట్టి అతని పక్కన కూర్చుంది.

"నీకు మంచు కావాలా, నేను కావాలా?"

అతను ఆలోచించాడు. "రెండూ," అన్నాడు.

ఆమె ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "సరే, నాకు వచ్చేలా నేర్పు. గడపలోంచి కేకలేస్తే పని రాదు," అంది.

నేర్పాడు. మంచు అంటుకోకుండా పారకు కొవ్వొత్తి రుద్దడం, నడుముకు తాడు కట్టి గోడ బయటికి వచ్చిన దూలం కొసకు ముడెయ్యడం, సందులో ఎవరూ లేరని కేకేసి చూశాకే నెట్టడం. మిద్దె మట్టి లేచిపోకుండా అడుగున నాలుగు వేళ్ల మంచు వదిలెయ్యాలన్నాడు. వణుకొస్తే దిగిపోవాలి, మిగిలింది మధ్యాహ్నం చూసుకోవచ్చన్నాడు.

మరుసటేడు రెమ్జీ కంటే ముందే ఆమె పని ముగించేది. "వదినా, మా మిద్దె కూడా ఓ చెయ్యి వెయ్యి," అని రెమ్జీ బతిమాలేవాడు. అది విన్నప్పుడల్లా తాహిర్‌కి ఛాతీ ఉప్పొంగేది, ఆ వెంటనే ఏదో లోటు గుచ్చేది.

ఆ ఫిబ్రవరిలో రెండు రోజులు ఎడతెగకుండా కురిసింది. తెరిపివ్వగానే గుల్నాజ్ నిచ్చెన వైపు వెళ్లబోయి వెనక్కి వచ్చింది. ఒక పారెడు మంచు తెచ్చి కిటికీ తెరిపించింది.

"తడిదా, పొడిదా? చూసి చెప్పు."

ఆ సంగతి ఆమెకు ఇప్పుడు అతనంత బాగా తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. చెయ్యి మణికట్టుదాకా ముంచి పిండి చూశాడు.

"తడిది, బరువుంటుంది. ఆగి ఆగి చెయ్యి."

"అలాగే," అని వెళ్లింది. కాసేపట్లో పైన పార గరగర మొదలైంది. తాహిర్ కిటికీ మూయకుండా, కరుగుతున్న ముద్దను గుప్పిట్లో పట్టుకుని వింటూ కూర్చున్నాడు.