కింద కూర్చోలేని కొత్త మోకాలు

డాక్టరు గది బయట గోడకు ఒక బొమ్మ ఉండేది. తెల్లజుట్టు దంపతులు పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ పరుగెత్తుతున్నారు. నడివయసులో రాత్రిబడికి పోయి అక్షరాలు దిద్దుకున్నదాన్ని కాబట్టి, కింద రాసింది కూడబలుక్కుని చదివాను. నొప్పి లేని జీవితమట. కలుపు తీయడం గురించి ఒక్క ముక్క లేదు. నేనూ అడగలేదు. కాలు బాగైతే కలుపు తీయనా ఏమిటి, అనుకున్నాను.

మోకాలు మార్చిన మరునాడే వ్యాయామం చేయించే పిల్ల వచ్చి లేపి నిలబెట్టింది.

"జర ఆగు బిడ్డా, నిన్ననే గదా కోసిండ్రు."

"అందుకే అవ్వా. ఆగితే బిగుసుకపోతది."

నవ్వుతూనే కాలు వంచేది. నేను దాని ఏడు తరాలను తిట్టేదాన్ని. "తిట్టు అవ్వా, కానీ వంచు" అనేది. తిట్టాను, వంచాను.

తొర్రూరు పక్కనున్న మా ఊరికి వచ్చాక చూడవచ్చినవాళ్లందరూ ఒక డజను అరటిపండ్లు పెట్టి, మోకాలు నొక్కి చూసి పోయారు. అసలు రావలసింది రేగొండలో ఉండే మా అక్క. ఆమె మోకాళ్లు నావాటికన్నా పాడైనవి. "ముందు నువ్వు చేయించుకో. నీది చూసి నేను చేయించుకుంట" అంది. పుట్టిన కాడినుంచి ఏ విషయంలోనూ నన్ను ముందు పోనివ్వనిది, దీనికి మాత్రం దారి ఇచ్చింది.

నేను వాకరు వదిలిపెట్టాక వచ్చింది. తెల్లారితే ఆమెకు డాక్టరు దగ్గర చూపించుకునే రోజు. వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూపించాను. పెదవి విరిచింది.

"నడుసుడు సరే. కూసో చూద్దాం."

కుర్చీలో కూర్చున్నాను.

"కుర్చీల ఎవరన్న కూసుంటరు. కింద కూసో."

"కూసోవద్దన్నరక్కా."

"ఎన్ని దినాలు?"

"ఎప్పటికీ."

అక్క నోరు తెరిచింది. "కింద కూసోరాని మోకాలెందుకే? కలుపెట్ల తీస్తవ్? సావుకాడికి పోతే ఏడ్చుడు గూడ కుర్చీలనేనా?"

ఆ మాటా నిజమే. అప్పటికే ఒక చావింట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఏడ్చి వచ్చాను. మిగతా ఆడవాళ్లు నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చారు. అర్జీలు తీసుకోవడానికి వచ్చిన సర్పంచులా ఉన్నాను.

"నేను పోను. రేపటిది వద్దని చెప్త" అని గడప మీద కూర్చున్న అక్క తలుపు పట్టుకుని లేవబోయింది. సగంలో ఆగి, కళ్లు మూసుకుని "అవ్వా" అంది. అట్లాగే నిలిచిపోయింది.

నేను దాచలేదు. వంచేటప్పుడు ప్రాణం పోయినంత పని అవుతుందని, నెలల తరబడి మోకాలు వేడిగా, వాపుగా ఉంటుందని, కుట్ల పక్కన చర్మం మొద్దుబారిందని, నడుస్తుంటే లోపల టిక్కుమంటుందని చెప్పాను.

"మరి గా ఎముకమీద ఎముక రుద్దే నొప్పి?"

"అది పోయింది."

"మంచంల ఇటు నుంచి అటు మర్లొస్తదా?"

"మర్లొస్తది."

"బస్సెక్కుతవా?"

"కమ్మి పట్టుకుని ఎక్కుత."

అక్క నా మోకాలు నొక్కి చూసింది. తర్వాత, "కలుపు కోడలు తీస్తది తియ్. ఇన్నేండ్లు నేను తీస్తుంటే గట్టుమీద ఫోన్ చూసింది" అంది.

తెల్లారి దవాఖానకు నేనే వెంటపోయాను. డాక్టరు అంతా వివరించి, "అడిగేదేమన్న ఉందా అవ్వా?" అన్నాడు.

"కింద కూసోరాదంట గదా. కుర్చీ మీరే ఇస్తరా, మేమే కొనుక్కోవాల్నా?"

డాక్టరు నవ్వాడు. అక్క నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని జవాబు కోసం చూస్తూ నిలబడింది.

"మీరే కొనుక్కోవాలె అవ్వా."

"మంచిది. ఎప్పుడు కోస్తరో చెప్పుండ్రి."